తెల్ల టేపు ఇల్లు

మా మొదటి ఇంటికి గోడలు లేవు. ఇసుక నేల మీద తెల్ల టేపు పరిచి, గాలికి లేచిపోకుండా మూలమూలకూ మేకులు దిగ్గొట్టిన ఇల్లది. రెండు గదులు, ఒక వరండా, మధ్యలో సన్నటి నడవ. టేపు లేకుండా వదిలేసిన చోటల్లా తలుపు ఉన్నట్టు.

దాన్ని మా కోసం కట్టలేదు. గల్ఫ్‌లో ఇబ్రి ఊరు దాటి ఎడారిలోకి కొంత దూరం వెళితే పోలీసు శిక్షణ క్యాంపు ఒకటి ఉంది. యూరప్‌లో ఎక్కడో చలి దేశం నుంచి వచ్చిన చిన్న సైనిక బృందం అక్కడ మకాం పెట్టి, స్థానిక పోలీసు కుర్రాళ్ళకు పని నేర్పుతోంది. ఇంట్లో నక్కిన దొంగను పట్టుకోవడానికి ఎవరు ముందు వెళ్ళాలి, ఎవరు ఏ మూల చూడాలి, ఇవన్నీ నేర్పడానికి నిజం ఇల్లెందుకు, టేపు చాలట. బృందం పెద్ద సార్జెంట్ హెన్రిక్. రోజూ తెల్లారకముందే తన మనుషులతో కంచె వెంబడి పరుగు తీసేవాడు. తర్వాత పెద్ద మగ్గుతో కాఫీ తాగి, ముక్కుకు తెల్లటి క్రీము దట్టంగా పూసుకుని, టేపు చుట్ట పట్టుకుని వంగి వంగి ఇల్లు కట్టేవాడు. వెనకనుంచి చూస్తే ముగ్గేస్తున్నట్టే ఉండేది. నాకు నవ్వు ఆగేది కాదు.

నేనూ మా ఆయన సురేందరూ ఆ క్యాంపులో పనివాళ్ళం. మమ్మల్ని పెట్టుకున్నది ఒక కాంట్రాక్టు కంపెనీ. ఆయన ఏసీ మెకానిక్. నేను బీకాం చదివాను, ఆడ పోలీసులుండే బ్లాకులో హౌస్‌కీపింగ్ చూసుకుంటాను. జగిత్యాలలో పెళ్ళి చేసుకుని, చేతుల గోరింటాకు పోకముందే ఇక్కడికొచ్చి పడ్డాం. ఇద్దరికీ కలిపి ఒక పోర్టా క్యాబిన్ రూం ఇచ్చారు. ఒక కిటికీ, ఒక గీజరు. నల్లా తిప్పగానే వేడినీళ్ళు! ఆ మొదటి రోజు నేను ఊరికే చేయి తడుపుకుంటూ ఎంతసేపు నిలబడ్డానో. సురేందర్ పాత పెయింటు బకెట్‌లో కరివేపాకు మొక్క నాటాడు. రెండు కొత్త ఆకులేస్తే ఇద్దరం బయటికొచ్చి చూసి, ఎవరో చుట్టాలొచ్చినట్టు మురిసిపోయాం.

డ్యూటీ దిగాక టేపు ఇల్లు మాది. ఒకే పేపరు కప్పులో చాయ్ పట్టుకుని అందులోకి వెళ్ళేవాళ్ళం.

"గీడ పొయ్యి" అనేదాన్ని నేను.

"గాడ వద్దు, పొగంత నడవల నిండుతది. కిటికీ దిక్కు వెట్టు."

"ఏసీ ఎక్కడ పెడతవ్?"

"ఏసీ మెకానిక్ ఇంట్ల ఏసీ ఎందుకు పిల్లా? ఇరవై నాలుగ్గంటలు దాని మొకమే సూస్తున్న. ఫ్యానేస్కుందాం."

మాకో కట్టుబాటు ఉండేది. తలుపులోంచే రావాలి, తలుపులోంచే పోవాలి. టేపు దాటితే గోడ దూకినట్టు. దూకినవాళ్ళు మరునాడు రెండోవాళ్ళ బట్టలు ఉతకాలి. సురేందర్ పెద్ద కాళ్ళకు ఆ నడవ సరిపోక ఎప్పుడూ ఆయనే ఓడిపోయేవాడు. లోపలి గదిని పడకగది అనుకున్నాం. తూర్పు గోడకు అద్దం, దాని పక్కన నా చీరల బీరువా.

ఆ పడకగదిలోనే రోజూ పొద్దున మా ఆయన్ని నేలకేసి అదిమేవాళ్ళు.

మొదట్లో అది నవ్వులాట. పట్టుకోవడం నేర్చుకునేవాళ్ళకు పట్టుబడేవాడు కావాలి కదా. మా క్యాంపు బాస్ సంజీవ్ ఆ పనికి మా మనుషుల్నే పంపేవాడు. ఆయనదీ మా వైపే, మెట్‌పల్లి. అందరం సంజీవన్నా అంటాం. కిచెన్‌లో పనిచేసే భీమన్న రెండుసార్లు దొంగయ్యి, నడుము పట్టేసిందని తప్పుకున్నాడు. మిగతావాళ్ళు సంజీవ్ కనబడితే బాత్రూంలో దూరేవారు. సురేందర్ మాత్రం దేనికీ కాదనడు. అందులోనూ జంటకు రూం ఇప్పించింది సంజీవన్నే. రబ్బరు కత్తి పట్టుకుని, ముఖానికి రుమాలు కట్టుకుని దొంగలా నక్కి నక్కి నడిచేవాడు. పోలీసు కుర్రాళ్ళు పడీ పడీ నవ్వేవారట. సాయంత్రం నాకు అదంతా మళ్ళీ చేసి చూపించేవాడు. నేను మంచం మీద పొర్లి నవ్వేదాన్ని. మా ఆయనలో ఇంత నటుడున్నాడా అని గర్వపడ్డాను కూడా.

తర్వాత కొన్నాళ్ళకు ఆయనకు నా మీద ప్రేమ బాగా పెరిగింది. నేను అలాగే అనుకున్నాను.

"నవీ, జెర దువ్వవా?" అని దువ్వెన నా చేతికిచ్చి తల వంచేవాడు. చొక్కా గుండీలు నన్నే పెట్టమనేవాడు. కంచంలో అన్నం పెట్టగానే, "నువ్వు తినిపిస్తేనే తింట" అని నోరు తెరిచేవాడు. నేను సిగ్గుపడుతూ, సంబరపడుతూ అన్నీ చేశాను. ఆ సంగతి దాచుకోలేక లాండ్రీలో కాశమ్మకు చెప్పాను. కాశమ్మది కడప జిల్లా. ఇక్కడి ఇళ్ళలో చాలా ఏళ్ళు పనిచేసి, ఇప్పుడు క్యాంపు లాండ్రీ చూస్తోంది. చేతిలో తడి దుప్పటి అలాగే పట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది.

"ఏమ్మే, బీకాం చదివినా అంటివే. అది ప్రేమ అనుకుంటాండావా నువ్వు?"

"మరేంది కాశమ్మక్కా?"

"వాని చెయ్యి లేవడంల్యా పాపా. నిన్న డ్యూటీ బట్టలు ఏసేదానికి వచ్చినాడు. ఎడమ చేత్తో ఏసి, ఎడమ చేత్తో తీసుకున్యాడు. కుడి చెయ్యి సచ్చిన పాము మాదిరి యాలాడతాంది. మొగోడు పెండ్లాం చేతి ముద్ద నాలుగు దినాలు తింటాడు, ఒప్పుకుంటా. గుండీలు గూడా పెట్టించుకుంటాడా?"

నవ్వుతూనే అంది. నా ఒళ్ళు మాత్రం భగ్గుమంది. ముందు ఎవరిమీద కోపమొచ్చిందో కూడా తెలియలేదు. అక్కడున్న దిండు గలీబుల మూటను ఒక్క తన్ను తన్ని బయటికొచ్చాను.

రూంలో చొక్కా విప్పమన్నాను. సురేందర్ విప్పడు. నేనే గుండీలు తీశాను, రోజూ నేనే పెడుతున్నాను కదా. భుజం వెనక ముదురు వంకాయ రంగులో వాచి ఉంది. చేయి ఎత్తమంటే ఛాతీ దాకా ఎత్తి, పళ్ళు కరుచుకుని, నా వైపు చూసి నవ్వాడు.

"నవ్వకు!" అని అరిచాను.

"ఏంగాలే నవీ. గుంజుకున్నదంతే."

"ఎవలు గుంజిన్రు?"

"కావాలని ఎవలు గుంజలే. చెయ్యి ఎనుకకు మలిపి పైకి లేపుతరు. గది వాళ్ళ పట్టు. నొస్తే సైగ చెయ్యమన్నరు."

"ఏం సైగ?"

విప్పిన చొక్కాను ఎడమ చేత్తో పైకి లాక్కున్నాడు. తర్వాత నసిగాడు. "పట్టుకున్నోని ఒంటి మీద రెండుసార్లు చరవాలె. చరిస్తే ఇడిచిపెడుతరు."

"మరి చరవలేదా?"

"ఒంటి మీద డ్రస్సున్న పోలీసాయన్ను నేను చరుస్తనా? మతుండే మాట్లాడుతున్నవా?"

"సైగ అన్నరు గదా!"

"వాళ్ళకు సైగ. నాకది పోలీసోణ్ని కొట్టుడే. గంతమంది ముంగట, పరాయి దేశంల. మా నాయిన దూరంగ టోపీ కనవడితెనే బీడీ పడేసి సైకిల్ దిగెటోడు. ఒక్క నేనే కాదు, భీమన్న చరిచిండా? ఎవ్వలు చరవలే. అడుగు పోయి."

"నువ్వు చరవకపోతే నీకు నొస్తుందని ఆళ్ళకెట్ల తెలుస్తది?"

"మొకం సూస్తె ఎరుక కాదా?"

"మొకం మన్నుల పెట్టినంక ఎట్ల కనపడుతదయ్యా!"

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఇన్నాళ్ళూ ఆ కుర్రాళ్ళు ఒక చరుపు కోసం ఎదురుచూస్తున్నారు. ఈయన వాళ్ళు జాలిపడి వదిలే దాకా ఓర్చుకుంటున్నాడు. ఎంత ఓర్చుకుంటే అంత పైకి లేస్తోంది చేయి. అది భుజం. దాన్ని నమ్ముకునే ఈయన నిచ్చెనలెక్కి, మిషన్లు మోసి బతుకుతున్నాడు.

"హెన్రిక్ సారుకు చెప్త" అని లేచాను.

ఆయన ఎడమ చేత్తో నా చేయి పట్టుకున్నాడు. "వద్దే. బేస్తారం పెద్దసార్లొస్తున్నరు సూడనీకి. ఇప్పుడు లొల్లి వెడితే సంజీవన్న ఊకోడు. ఈ రూం పోతది. బేస్తారం ఒక్కనాడు పడుత, అటెంక పడనని చెప్త. ఒట్టు."

అందుకని హెన్రిక్ దగ్గరికి వెళ్ళలేదు. సంజీవ్ దగ్గరికే వెళ్ళాను. ఆఫీసులో ఖర్జూరాలు నములుతూ ఫోన్ చూస్తున్నాడు.

"అన్నా, ఆయన భుజం వాచింది. డాక్టరుకు చూపియ్యాలె. బేస్తారం వేరేటోళ్ళను పంపు."

"రా చెల్లె, కూసో. ఖర్జూర తింటవా?" అని డబ్బా నా వైపు జరిపాడు. "అయ్యో, గంతనేనా? గరం పట్టీ కట్టు, తగ్గుతది. వేరేటోళ్ళు ఎవలున్నరు చెప్పు. ఒకడు ముందుగాల్నే పడుతడు. ఇంకొకడు పడినంక నవ్వుతడు. సురేందర్ మంచిగ పడుతడు. పడుడు అందరికి రాదు చెల్లె."

"పడేటందుకు పెట్టుకున్నవా ఆయన్ని? ఏసీ పనికి గదా!"

ఖర్జూరపు గింజ అరచేతిలోకి ఉమ్మి, దాన్నే చూస్తూ మాట్లాడాడు. గొంతు మాత్రం తియ్యగానే ఉంది. "కొత్తగ పెండ్లైనదానివి, నీకు బాధైతది, నాకెరుక. గని జర సోంచాయించు. ఈ క్యాంపుల జంటకు రూం ఎవలకన్న ఉన్నదా? నీకిప్పిచ్చిన. రేపు నువ్వు లేడీస్ బ్లాకుల, వాడు ఎనమండుగురితోని బంకుల పంటే మంచిగుంటదా? నీ ఇష్టం మల్ల."

ఆ డబ్బా అతని నెత్తిన బోర్లించాలనిపించింది. చేతులు వెనక్కి కట్టుకుని బయటికొచ్చాను.

బేస్తారమంటే గురువారం. ఆ పొద్దున టేపు ఇంటి ముందు షామియానా వేశారు. పెద్దాఫీసర్లు వరుసగా కూర్చున్నారు. కహ్వా కాఫీ, ఖర్జూరాలు, ఊదు పొగ. నా చేతికి నీళ్ళ గ్లాసుల ట్రే ఇచ్చి ఒక పక్కన నిలబెట్టారు. సంజీవ్ ఇస్త్రీ చొక్కాలో వెనకాల తిరుగుతున్నాడు. హెన్రిక్ ఇల్లు కొత్త టేపుతో కట్టాడు. అదే నడవ, అదే లోపలి గది.

సురేందర్ ముఖానికి రుమాలు కట్టుకుని మా పడకగదిలో, అద్దం ఉండాల్సిన చోట నక్కి కూర్చున్నాడు. ఆ రుమాలు పొద్దున నేనే కట్టాను.

ఈల మోగింది. నలుగురు కుర్రాళ్ళు ఒకరి వెనక ఒకరు తలుపులోంచి వచ్చారు. నడవలో విడిపోయారు. అంతా చక్కగానే చేశారు, అది నిజం. ముందున్నవాడు ఖల్ఫాన్, బృందంలో అందరికంటే చిన్నవాడు. రోజూ నేను ఎదురైతే సలాం చెప్పే పిల్లవాడు. అతను సురేందర్‌ను బోర్లా పడేసి, మోకాలు వీపుకు ఆనించి, కుడి చేయి వెనక్కి మలిచాడు.

చేయి లేస్తోంది. సురేందర్ ముఖం ఇసుకలో ఉంది. ఎడమ చేయి ఖల్ఫాన్ కాలికి జానెడు దూరంలో ఉంది. ఆ చేతి వేళ్ళు లేచాయి. గాలిలో ఆగాయి. మళ్ళీ ఇసుకలోకి దిగి, ఇసుకనే గుప్పిట పట్టుకున్నాయి. చేయి ఇంకా లేచింది.

గ్లాసులు పగిలిన చప్పుడు నాకు వినపడలేదు, తర్వాత కాశమ్మ చెప్పింది. నేను తలుపు వైపు వెళ్ళలేదు. వరండా గోడ, నడవ గోడ, పడకగది గోడ, మూడూ దాటుకుంటూ సూటిగా వెళ్ళాను. టేపు కాలికి చుట్టుకుని ఫట్‌మని తెగింది. మోకాళ్ళ మీద పడి, ఖల్ఫాన్ వీపు మీద రెండుసార్లు చరిచాను. సైగలా కాదు. ఇన్నాళ్ళ కోపమంతా అరచేతిలోకి వచ్చింది.

ఖల్ఫాన్ వదిలేశాడు. స్విచ్ ఆపినట్టు ఆ క్షణంలోనే వదిలి, రెండు చేతులూ పైకెత్తి వెనక్కి జరిగాడు. అంతే. అంత తేలికైన పని అది.

సురేందర్ చేయి ఇసుకలోకి జారింది. రుమాలు లాగేస్తే పెదవి కొరుక్కుని ఉన్నాడు. రక్తం. ఖల్ఫాన్ ఆ రక్తం చూసి, "లేష్? లేష్?" అని అరబ్బీలో ఎందుకు ఎందుకని అడిగాడు. నేను తేరిపార చూస్తుంటే హిందీలోకి మారాడు. "రోజూ ఎదురు చూస్తాను, ఈయన ఎప్పుడు చరుస్తాడా అని. ఎందుకు చరచడు?" కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి అతనికి. అతని మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. అది కూడా సంజీవ్ మీది కోపంలోనే కలిసిపోయింది.

హెన్రిక్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. వెనకే సంజీవ్. "సారీ సార్, న్యూ మ్యారీడ్ సార్, ఎమోషనల్ సార్" అంటున్నాడు. నేను లేచి నిలబడి, కాలేజీలో నేర్చుకున్న ఇంగ్లీషంతా కూడగట్టుకుని హెన్రిక్‌కు చెప్పాను. భుజం వాపు, గుండీలు, చరచని చేయి, అన్నీ.

హెన్రిక్ ముక్కు మీద క్రీము చెమటకు కారుతోంది. "ఒక్కరు కూడా చరచలేదు" అన్నాడు నెమ్మదిగా. "పట్టు సరిగా పడటం లేదనుకున్నాను. ఇంకా గట్టిగా పట్టమని వీళ్ళకు చెప్పింది నేనే."

"మీ ఊళ్ళో మీరు పోలీసును చరుస్తారా?"

కాస్త ఆలోచించాడు. "ఆట అయితే చరుస్తాను."

"మాకు ఆటలో కూడా పోలీసు పోలీసే. ఆయన్ని ఒక్కసారి అడిగారా, చరచగలవా అని? పొద్దున్నే రబ్బరు కత్తి ఇచ్చారు, పడినందుకు జ్యూసు ఇచ్చారు. అడగలేదు."

ఆయన క్షమించమన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. మా ఇద్దర్నీ తన జీపులోనే ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. లోపల కండరం చీలిందనీ, నెలల తరబడి ఆ చేత్తో బరువు ఎత్తొద్దనీ డాక్టరు చెప్పాడు. ఇంకొంచెం మలిచి ఉంటే ఆపరేషన్ దాకా వెళ్ళేదట. ఇకమీదట పనివాళ్ళెవరూ దొంగ వేషం వేయనక్కర్లేదనీ, తమ మనుషులే వేస్తారనీ హెన్రిక్ జీపు ఎక్కకముందే అందరి ముందూ చెప్పాడు.

మేం తిరిగొచ్చేసరికి మా సామాను రూం బయట ఉంది. రెండు పెట్టెలు, గిన్నెలు, అద్దం. కరివేపాకు బకెట్ ఎండలో. తలుపుకు కొత్త తాళం.

"మెయింటెనెన్స్ ఉన్నది చెల్లె" అన్నాడు సంజీవ్, అదే తియ్యటి గొంతుతో. "ఎప్పుడైతదో చెప్పరాదు."

హెన్రిక్‌ను పిలిచి చూపించాను. ఆయన తాళం వైపు చూశాడు, నా వైపు చూశాడు. బాగా ఇబ్బంది పడ్డాడు. "గదుల సంగతి మీ కంపెనీ చూసుకుంటుంది" అన్నాడు. ఐసు పెట్టుకోమని సంచి ఒకటి ఇచ్చి వెళ్ళాడు. ఐసు బాగానే ఉంది. దాన్ని ఏ ఇంట్లో కూర్చుని పెట్టుకోవాలో చెప్పలేదు.

కాశమ్మ వచ్చి బకెట్‌ను నీడలోకి లాగింది. "వాని నోట్లో మన్నుబొయ్య" అని సంజీవ్ ఆఫీసు వైపు తిరిగి చాలాసేపు తిట్టింది. సగం తిట్లు నాకు కొత్త. అన్నీ నచ్చాయి.

పొద్దు వాలుతుండగా సురేందర్, నేను టేపు ఇంట్లోకి వెళ్ళాం. చేయి మెడకు కట్టుకుని, నడవలో జాగ్రత్తగా అడుగులేస్తూ తలుపులోంచే వచ్చాడాయన. పడకగదిలో తెగిన గోడ దగ్గర ఆగాడు. తెగిన టేపు కొసను కాలితో కదిపాడు.

"గోడ దూకినవ్" అన్నాడు. "రేపు నా బట్టలు నువ్వే పిండాలె."

"ఎట్లయిన నేనే పిండాలె. నీకు చెయ్యేది?"

నవ్వాడు. నేను నవ్వలేదు. "కూసో" అన్నాను. కూర్చున్నాడు. బాగున్న ఎడమ చేయి అందుకుని, ఖల్ఫాన్ చేసినట్టే వెనక్కి మలిచాను.

"ఏందే, ఏం జేస్తున్నవ్?"

"చరువు."

"ఇడువు నవీ, నొస్తుంది."

"నోటితోని కాదు. చరువు." ఇంకొంచెం మలిచాను. కుడి చేయి మెడకు వేలాడుతోంది, కానీ వేళ్ళు కదులుతాయి. నా మోకాలు ఆ వేళ్ళకు అందేలా దగ్గరికి జరిగి కూర్చున్నాను. వేలి కొసలతో ముట్టుకున్నాడు. ధూళి దులిపినట్టు.

"గదేం చరుపు? ఇడువ."

"నువ్వు నా పెండ్లానివి. నిన్నెట్ల కొడుత?"

"మొన్న పోలీసాయన అన్నవ్, ఇయ్యాల పెండ్లాం అంటున్నవ్. రేపు సంజీవన్న అంటవ్. ఇంకెవల్ని కొడ్తవ్ నువ్వు? నొస్తుందా లేదా?"

"నొస్తుంది!"

"నాకెట్ల తెలుస్తది?"

మెస్ ముందు క్యూలో ఉన్న మనవాళ్ళు ఇటే చూస్తున్నారు. భీమన్న ప్లేటు పట్టుకుని, నోరు తెరిచి నిలబడ్డాడు. అయినా మలిచాను. ఆయన కళ్ళలో కూడా చివరికి కోపం కనపడింది. పెళ్ళయినప్పటినుంచి మొదటిసారి.

ఫట్, ఫట్. నా మోకాలు చుర్రుమంది.

వదిలేశాను.